కూడికలు సరిపోయాయని చెప్పింది నేనే

లెక్కలో తప్పుంటే నేను పట్టుకోగలను. తప్పునే లెక్కగా రాసుకొస్తే పట్టుకోలేను. ఈ రెండో సంగతి నాకు అరవై దాటాక గానీ తెలియలేదు. తెలిసింది కూడా నా తెలివితో కాదు, కూరగాయల మార్కెట్లో నలుగురి ముందు ఒకామె చెబితే. సహకార బ్యాంకులో క్యాషియరుగా చేరి సూపర్‌వైజరుగా బయటపడ్డ మనిషిని నేను. నా చేతి కింద ఏ రోజు లెక్కా రూపాయి తేడాతో మూసింది లేదు. ఆ గర్వమే నన్ను ముంచింది. మామూలుగా మనుషుల్ని నీళ్లలో ముంచుతారు. నన్ను నీళ్లే లేని చోట ముంచింది.

మాది పాలమూరు, నల్లగొండ జిల్లాలు కలిసే చోట ఉన్న చిన్న పట్నం. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా పెద్ద పంచాయతీ మున్సిపాలిటీ అయింది. బోర్డు మారింది, ఇంటి పన్ను మారింది, మోరీ మాత్రం పాత పద్ధతి వదలకుండా రోడ్డు మీదే పారింది. కౌన్సిల్లో గెలిచి వచ్చినవాళ్లు కాక, కౌన్సిలే పిలిచి కూర్చోబెట్టుకునే కో-ఆప్షన్ సభ్యులు కొందరు ఉంటారు. మైనారిటీల కింద ఒక క్రైస్తవుడు కావలసి వచ్చాడు. మా చర్చిలో కానుకల లెక్క చూసేది నేనే. పైగా శత్రువులు పుట్టేంత పలుకుబడి నాకెప్పుడూ లేదు. అందుకని నన్ను పిలిచారు. కో-ఆప్షన్ సభ్యుడు సభలో మాట్లాడవచ్చు, ఓటు మాత్రం ఉండదు. ఇంట్లో నా పరిస్థితి ఎప్పటి నుంచో అదే కాబట్టి అలవాటు పడటానికి కష్టమేమీ కాలేదు.

నేను సభ్యుణ్ణయ్యానని ఊళ్లో నిజంగా పట్టించుకున్నది ఒక్కతే. మార్కెట్లో ఆకుకూరలమ్మే అక్క. పక్క ఊరి నుంచి మొదటి బస్సుకు తోటకూర, పుంటికూర, కొత్తిమీర గంపలతో దిగుతుంది. చీకటి పడేముందు బస్సెక్కుతుంది. ఆమె నాకన్నా చిన్నదే అయి ఉంటుంది. అయినా నేను అక్కా అంటాను, ఆమె సారూ అంటుంది. ఇద్దరికీ గిట్టుబాటే.

"సారూ, నువ్వు గా మున్సిపాల్టీల మెంబరైనవంట గద?"

"అయిన అక్కా."

"జీతమొస్తదా?"

"ఏదో గింత, చాయ తాగనీకి."

"మల్లెందుకైనవ్?" అని మళ్లీ తనే, "అయితే అయినవ్ గని, గా బాత్రూంకు నీళ్లు పెట్టియ్యి. ఇంకేం అడుగ నిన్ను" అంది.

ఆడవాళ్ల కోసం కట్టిన ఆ బాత్రూం మార్కెట్ వెనక ఉంది. గులాబీ రంగు గోడలు, గోడ మీద చీర కట్టుకుని నమస్కారం పెడుతున్న స్త్రీ బొమ్మ. ప్రారంభించినవారి పేర్లతో నల్లరాతి పలక ఉంది. ఆ పలక మీద ఉన్న పేర్లన్నీ లోపలికి దూరితే గది చాలదు. రిబ్బను కత్తిరించారు, ఫోటో దిగారు, తాళం వేశారు. ఎందుకంటే లోపల కుండీలున్నాయి గానీ నల్లా లేదు, పైన ట్యాంకు లేదు, మున్సిపాలిటీ నీళ్ల పైపు ఆ సందు దాకా రాలేదు. అప్పటి నుంచి ఆ నమస్కారం పెట్టే స్త్రీ పక్కన ఒకతను వెల్లుల్లి బస్తాలు పేర్చుకుంటున్నాడు.

అంతకు ముందు ఆడవాళ్లకు మూతబడ్డ సినిమా హాలు వెనక గోడ చాటుండేది. ఆ జాగాలో దుకాణాల షట్టర్లు లేచాయి. ఇక వాళ్లు కనిపెట్టిన ఉపాయం ఒక్కటే, నీళ్లు తాగకపోవడం.

"పొద్దుగాల ఇంట్ల గింత చాయ తాగి బస్సెక్కుత. మల్ల ఇంటికి పోయినంకనే మంచినీళ్లు" అంది అక్క, కొత్తిమీర కట్ట మీద నీళ్లు చిలకరిస్తూ. కట్టలు తడిగా నిగనిగలాడుతున్నాయి. ఆమె పెదాలు పగిలి ఉన్నాయి.

నేను గొప్పగా చెప్పాను. "మార్చి బడ్జెట్ల పెట్టిన్రక్కా. నా కండ్లతోని చూసిన. నీళ్ల పైపు, ట్యాంకు, నల్లాలు, అన్నిటికీ పైసలున్నయి. దసరాకల్లా అయితది."

"ఒట్టేనా?"

"ఒట్టు పెట్టొద్దని మా ప్రభువు చెప్పిండు అక్కా."

"గందుకే మీతోని లాభం లేదు" అని పుంటికూర నా సంచిలో పడేసింది.

బడ్జెట్టుకు అర్ధ సంవత్సరపు సమీక్ష అని ఒకటి ఉంటుంది. మార్చిలో ఈ ఏడు ఇంత వస్తుంది, ఇంత ఖర్చు పెడతాం అని రాసుకుంటారు. సెప్టెంబరు ముగిశాక, ఇప్పటికి నిజంగా వచ్చిందెంత, పోయిందెంత, మిగిలిన ఆరు నెలలకు ఏం మార్చాలి అని కౌన్సిల్ కూర్చుని చూడాలి. పేరు సమీక్ష గానీ మా దగ్గర సమంగా చూసేవాళ్లూ లేరు, ఈక్షించేవాళ్లూ లేరు. చూసేది ఒక్కటే, సభ తర్వాతి భోజనానికి వంట ఎక్కడి దాకా వచ్చిందని.

ఆ ఏడు దసరా పోయాక ఒక ఉదయం మా ఇంటికి చైర్మన్ సాబ్ వచ్చాడు. చైర్మన్ సాబ్ అంటే చైర్మన్ కాదు. గెలిచింది, కుర్చీలో కూర్చునేది ఆయన భార్య. ఆమె పక్కన ఇంకో కుర్చీ వేయించుకుని మాట్లాడేది ఈయన. ఊరంతా ఆమెను మేడమ్ అని, ఈయన్ను చైర్మన్ సాబ్ అని పిలిచి లెక్క సరిపెట్టుకుంది.

"సార్, ఈపారి రివ్యూ మీరు చూడాలె" అన్నాడు, మా ఆవిడ ఇచ్చిన చాయ చప్పరిస్తూ. "ఎదుటి పార్టీ పోరగాండ్లు ఉత్తగ అరుస్తున్నరు. మీ అసొంటి బ్యాంకు మనిషి ఒక్కసారి చూసి, కరెక్టున్నదని సభల చెప్తే సాలు. మీ అంత లెక్క తెలిసినోడు ఈ జిల్లాలనే లేడు."

నా లోపల ఎన్నాళ్లుగానో నిద్రపోతున్న క్యాషియరు లేచి కూర్చున్నాడు. ఆయన వెళ్లాక మా ఆవిడ కప్పు తీస్తూ, "గాయన గంతగనం పొగుడుతుంటే మెడ గట్ల ఊపుతవేంది? కోయనీకి పట్టుకపోయేటి పొట్టేలు ఊపినట్టు" అంది. నేను వినలేదు. కాగితాలు అప్పటికే పరిచాను.

మూడు వరుసలు. మార్చిలో అనుకున్నది, సెప్టెంబరు దాకా ఖర్చయినది, ఇప్పుడు సవరించినది. క్యాలిక్యులేటరు ముట్టలేదు, చేత్తోనే కూడి చూశాను. నిలువునా కూడాను, అడ్డంగా కూడాను. ఎక్కడా తేడా రాలేదు. ఒక చోట కొంత తగ్గింది, ఇంకొక చోట సరిగ్గా అంతే పెరిగింది, అడుగున మొత్తం మాత్రం కదలకుండా నిలిచింది. నా కంటికి అది తూకం సరిపోయిన తక్కెడలా అందంగా కనిపించింది. తగ్గిన చోట "మార్కెట్ మహిళల మరుగుదొడ్డి, నీటి వసతి" అని ఉంది. దాని ఎదురుగా "పొదుపు" అని రాశారు. పెరిగిన చోట "కార్యాలయ ఆధునికీకరణ" అని ఉంది. రెండు చోట్లా పెన్సిలుతో టిక్కు పెట్టాను. అక్షరాలు చదవలేదా అంటే చదివాను. క్యాషియరు పేరు చదివేది సంతకం సరిపోయిందా అని చూడటానికే గానీ, ఆ మనిషి ఎందుకొచ్చాడో అడగడానికి కాదు కదా.

సభ రోజు అకౌంటెంటు అంశాల నంబర్లు చదువుతుంటే సభ్యులు "పాస్, పాస్" అంటున్నారు. మా సభలో ఇదొక ఆచారం. అంశం చదవరు, నంబరు చదువుతారు. బయట షామియానా కింద ఒక కాంట్రాక్టరు దయతో బగారన్నం, మటన్ ఉడుకుతున్నాయి. ఆ మసాలా వాసన కిటికీలోంచి వచ్చాక సభ వేగం పుంజుకుంది. ఎదుటి పార్టీ కుర్రాడొకడు లేచి లెక్కల్లో గోల్‌మాల్ ఉందని మొదలుపెట్టగానే, చైర్మన్ సాబ్ నా వైపు చెయ్యి చూపించాడు.

నేను లేచాను. అద్దాలు తుడుచుకున్నాను. "నేను స్వయంగా కూడి చూశాను. ప్రతి వరుసా సరిపోయింది. ఇంత శుభ్రమైన లెక్క ఈ మధ్య చూడలేదు" అన్నాను. శుభ్రమైన అన్న మాట వాడాను, మరుగుదొడ్డి గురించి. బల్లలు చరిచారు. శాలువా కప్పారు. భోజనాల దగ్గర చైర్మన్ సాబ్ స్వయంగా ఏరి, నల్లి బొక్క నా విస్తట్లో వేశాడు. చాలా రుచిగా ఉందని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. మూలుగ పీలుస్తుంటే నాకు కన్నీళ్లు వచ్చాయి, కారం వల్ల.

మర్నాడు మార్కెట్‌కు పోతే, ఉల్లిగడ్డలమ్మే పిల్ల ఫోనులో నా ఫోటో చూపించింది. శాలువాతో, నోరు తెరుచుకుని ఉన్నాను. కింద, "లెక్కలన్నీ సక్రమం: కో-ఆప్షన్ సభ్యుని వెల్లడి" అని. దాని కిందనే ఎదుటి పార్టీ కుర్రాడి మాట, మార్కెట్ బాత్రూం పైసలు మేడమ్ గారి గదికి మళ్లించారని.

అక్క గంప ముందు నుంచి లేవలేదు. తలెత్తింది, అంతే.

"సారూ, బాత్రూం పైసలు తీసేసిన్రంట. నిజమేనా?"

"అది... సవరించిన్రక్కా."

"నువ్వు సూసినవా?"

"చూసిన."

"సూసి, మంచిగున్నదని చెప్పినవా?"

"కూడిక మంచిగుంది అన్న."

"కూడిక!" అంది. పక్కన కూర్చున్న ఉల్లిగడ్డల పిల్ల, వంకాయల ముసలమ్మ, నిమ్మకాయల ఆమె అందరూ నా వైపే చూస్తున్నారు. "మేమేమో ఈడ కూసోలేక, లేవలేక సస్తున్నం. నువ్వాడ కూడుకుంట కూసున్నవా? పో సారూ. గా పుంటికూర ఇంకోల్ల కాడ తీస్కో పో."

నేను పుంటికూర కొనకుండానే ఇంటికి వచ్చి, కాగితాలు మళ్లీ తీశాను. "పొదుపు" అన్న మాట మీద నేను పెట్టిన టిక్కు అక్కడే ఉంది. చెయ్యని పనికి పెట్టిన పేరు పొదుపు. ఒక ఆడమనిషి పొద్దటి నుంచి చీకటి దాకా బిగబట్టుకున్నది తీసుకుపోయి మున్సిపాలిటీ మిగులు కింద జమకట్టారు. దానికి శుభ్రమైన లెక్క అని నేను ముద్ర వేశాను. పెరట్లోకి పోయి కక్కుకున్నాను. మా ఆవిడ నీళ్లిచ్చి, "సూస్తివా, బయటికి పోనీకి జాగుంటే ఎంత సుకమో" అంది. ఆమె దయ ఎప్పుడూ ఆ రూపంలోనే ఉంటుంది.

ఆ పై వారమే అక్క మార్కెట్లో గంప మీద పడిపోయిందని తెలిసింది. అక్టోబరు ఎండ కూడా మా వైపు తక్కువేమీ కాదు. సర్కారు దవాఖానలో సెలైన్ ఎక్కిస్తున్నారు. మూత్రంలో చీము, జ్వరం. నేను వెళ్లేసరికి డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి చెబుతోంది.

"అమ్మా, నీళ్లు బాగా తాగాలి. గంటకోసారి తాగాలి. లేకపోతే కిడ్నీల దాకా పోతుంది."

"తాగుత గని డాక్టరమ్మా, తాగినంక యాడికి పోవాలె?"

డాక్టరమ్మ దగ్గర దానికి మందు లేదు. చీటీ రాసి పక్క మంచానికి పోయింది. అక్క నన్ను చూసి మొహం గోడ వైపు తిప్పుకుంది. గోడతోనే అన్నట్టు, "మందులకు పైసలేం అడుగ. గా తాళం తీపియ్యి సారూ. మల్ల గట్ల పడితే నన్ను లేపెటోల్లు లేరు" అంది.

నేను తిన్నగా మున్సిపల్ ఆఫీసుకు పోయాను. చైర్మన్ సాబ్ భార్య గదిలో, భార్య లేకుండా కూర్చుని ఉన్నాడు. బాత్రూం పైసలు తిరిగి పెట్టమన్నాను.

"గిప్పుడెట్ల పెడ్తం సార్? సభ పాస్ చేసింది. మీరే కరెక్టున్నదన్నరు. రికార్డుల మీ మాట రాసుకున్నం" అని నవ్వాడు. కోపం లేదు, సిగ్గూ లేదు, అల్లుడితో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడాడు. "వచ్చే బడ్జెట్ల సూద్దాం తీయుండ్రి. రాండ్రి, మీకు ఒకటి సూపిస్త" అని నా భుజం మీద చెయ్యి వేసి, గది మూలన ఉన్న కొత్త తలుపు తెరిచాడు.

సభ పాస్ చేయకముందే పూర్తయిపోయిన కార్యాలయ ఆధునికీకరణను అప్పుడు కళ్లారా చూశాను. నేల నుంచి పైకప్పు దాకా మెరిసే టైల్స్, మనిషి నిలువెత్తు అద్దం, వేడినీళ్ల గీజరు, చల్లనీళ్లకొక నల్లా, వేడినీళ్లకొక నల్లా, పైన గొడుగులాంటి షవరు. మల్లెపూల వాసన వచ్చే డబ్బా ఒకటి గోడ మీద దానంతట అదే బుస్సుమంటోంది. ఆఫీసులో స్నానం ఎవరు చేస్తారో నాకు తెలియలేదు. ఆయన నల్లా తిప్పి చూపించాడు. నీళ్లు ధారగా పడ్డాయి. "ప్రెషరు సూడుండ్రి" అన్నాడు. అద్దంలో ఆయనా, నేనూ పక్కపక్కన కనిపించాం. ఇద్దరిలో ఎవరు ఎక్కువ రోత పుట్టించారో చెప్పలేను. శాలువా కప్పుకున్నది మాత్రం ఆయన కాదు.

మార్కెట్ బాత్రూం తాళం తర్వాత ఎప్పుడో తీశారు. అది ఎన్నికల పుణ్యం, అందులో నా గొప్ప ఏమీ లేదు. కలెక్టరుకు అర్జీ పెట్టాను, పెట్టిన చోటే అది ఉంది. నాది అని చెప్పుకోదగ్గది ఒక్క మధ్యాహ్నమే.

జనవరిలో మళ్లీ సభ. మూడు నెలల లెక్కలు ఆ రోజు రావాలి. సభ చూడటానికి ఊరివాళ్లు ఎవరైనా రావచ్చు, వెనక బెంచీల మీద కూర్చోవచ్చు. ఎవరూ రారు గనక ఆ సంగతి అందరూ మర్చిపోయారు. ముందు రోజు మార్కెట్‌కు పోయి అక్క ముందు నిలబడ్డాను. ఆమె కోలుకుంది గానీ నాతో మాట్లాడటం లేదు.

"అక్కా, రేపు బేరం తగ్గినంక అందరు మీటింగుకు రాండ్రి. నేను పిలిచిన్నని చెప్పుండ్రి."

"మేమొచ్చి ఏం జెయ్యాలె? నీ కూడికలు వినాల్నా?"

"ఏం జెయ్యొద్దు. మేడమ్ గదిల కొత్త బాత్రూం ఉన్నది. పొద్దుగాల సంది కడుపు నిండ నీళ్లు తాగి రాండ్రి."

అక్క ఒక్క క్షణం నా మొహం చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలా రోజుల తర్వాత నవ్వింది.

వచ్చారు. అక్క, ఉల్లిగడ్డల పిల్ల, వంకాయల ముసలమ్మ, ఇంకా నాకు తెలియని వాళ్లు, మార్కెట్ మార్కెట్టే కదిలినట్టు. వెనక బెంచీలు చాలక గోడ వెంట నిలబడ్డారు. కొత్తిమీర వాసన, మట్టి వాసన సభలోకి వచ్చాయి. కమిషనరు ఎవరు వీళ్లంతా అన్నట్టు చూశాడు. "సభ చూడనీకి వచ్చిన్రు, నా చుట్టాలు" అన్నాను.

మొదటి అంశం పాస్ అయ్యేలోపే అక్క లేచింది. సభ మధ్యలోంచి నడిచి, పక్కనే ఉన్న మేడమ్ గది తలుపు దగ్గరికి పోయింది. అటెండరు అడ్డం వచ్చాడు. "గటు పోవద్దమ్మా, గది మేడమ్‌ది."

అప్పుడు నేను అనుకోనిది జరిగింది. ఏడాదిగా ఆ కుర్చీలో ఒక్క మాట మాట్లాడని మేడమ్, భర్త వైపు చూడకుండా, "పోనియ్యి" అంది. అంతే. మళ్లీ కాగితాల్లోకి తల దించుకుంది.

ఇక వరస కట్టారు. లోపలి నుంచి వస్తున్న ఒక్కొక్కరి మాటా సభకంతా వినిపిస్తోంది. "అవ్వో, ఏడినీళ్లు గూడ వస్తున్నయే!" "గోడకెల్లి అత్తరు కొడుతున్నదే, నా మీదనే పడ్డది!" వంకాయల ముసలమ్మ ఎంతకీ బయటికి రాలేదు, వచ్చాక మొహం కడుక్కుని, తల దువ్వుకుని, కొత్త పెళ్లికూతురిలా వచ్చింది. బురద కాళ్ల అడుగులు తెల్లటి టైల్స్ మీది నుంచి సభ దాకా బారు తీరాయి.

చైర్మన్ సాబ్‌కు షుగరుంది. పైగా అప్పటికి రెండు చాయలు, ఒక సోడా అయ్యాయి. కుర్చీలో అటు కదిలాడు, ఇటు కదిలాడు, చివరికి లేచి గది వైపు విసవిసా నడిచాడు. తలుపు దగ్గర, రెండోసారి పోవడానికి మళ్లీ వరసలో నిలబడ్డ అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నా, లైనున్నది. ఎన్కకు పోయి నిలవడు."

"ఏయ్, నేనెవ్వర్నో ఎరికేనా? చైర్మన్‌ను!"

"చైర్మనమ్మ గాడ కుర్చీల కూసున్నది గద. నువ్వెవ్వరు?"

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎదుటి పార్టీ కుర్రాళ్లు ఫోన్లు తీశారు. ఫోన్లు చూసి ఆయన నోరు మూసుకుని, వెనక్కి నడిచి, ఉల్లిగడ్డల పిల్ల వెనక నిలబడ్డాడు. ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటున్నాడు.

"మేము పొద్దుగూకే దాక ఆపుకుంటం అన్నా, నువ్వు జరసేపు ఆపుకోలేవా?" అంది అక్క, చాలా ప్రేమగా.

అకౌంటెంటు మూడు నెలల లెక్కల అంశం నంబరు చదివాడు. పాస్ అనడానికి సభ్యులు నోరు తెరిచారు. నేను లేచి, అద్దాలు తుడుచుకుని, నంబరు కాదు, లెక్కలు మొత్తం వరుస వెంట వరుస చదివి వినిపించమని అడిగాను. సభ్యుడు అడిగితే చదవాలి, అది నియమం. అవి చదివినంతసేపూ సభ ముగియదు, అన్ని ఫోన్ల ముందు చైర్మన్ సాబ్‌కు బయట గేటు దాటి పోయే వీలూ ఉండదు.

అకౌంటెంటు వరసలో ఉన్న మనిషి వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. "మొత్తం చదవాల్నా సార్?"

"మొత్తం చదువు తమ్మీ. తొందరేం లేదు" అన్నాను. "నీళ్ల పద్దు కాడ జర నిదానంగ చదువు."